చేయి తిరిగిన వాళ్లను పంపేయకండి

కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కార్యదర్శి గారికి,



పోయిన నెల ఒక రాత్రి పదకొండు దాటాక ఫోను మోగింది. రెండేళ్ల కిందట నేను వదిలి వచ్చిన ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న కుర్రాడు. హలో కూడా అనకుండా "అక్కా, చుక్క పోయింది" అన్నాడు. నిద్రమత్తంతా ఒక్కసారిగా దిగిపోయి లేచి కూర్చున్నాను.

ఆ చుక్క ఏమిటో మీకు తెలుసు. ఈ లేఖ చదివే మిగతావాళ్ల కోసం చెబుతాను. గాలి మొత్తం తోడేసిన స్టీలు ఛాంబర్ ఒకటి ఉంటుంది. దానికి గాజు కిటికీలు. ఆరు వైపుల నుంచి ఆరు లేజర్ కిరణాలు లోపలికి వెళ్లి నడిమధ్యలో కలుసుకుంటాయి. మామూలుగా గదిలో ఉండే వేడికి రుబీడియం పరమాణువు సెకనుకు దాదాపు 300 మీటర్ల వేగంతో పరుగెడుతూ ఉంటుంది. ఎదురుగా వచ్చి తగిలే ఒక్కో ఫోటాన్ ఆ వేగాన్ని సెకనుకు 6 మిల్లీమీటర్ల చొప్పున తగ్గిస్తుంది. కన్ను మూసి తెరిచేలోగా అలాంటి దెబ్బలు వేలకు వేలు పడి, పరుగు కాస్తా చీమ నడక అవుతుంది. అప్పటికి ఆ పరమాణువుల ఉష్ణోగ్రత పరమశూన్యానికి కొన్ని మైక్రోకెల్విన్లు మాత్రమే పైన. అలా ఆగిపోయిన కోట్ల పరమాణువులు ఒకచోట గుంపుగా వెలుగుతాయి. ఆ వెలుగు 780 నానోమీటర్లది, ఎరుపు ముగిసిపోయే అంచున ఉంటుంది కాబట్టి కంటికి సరిగా ఆనదు. కిరాణా కొట్లో పెట్టుకునే సీసీ కెమెరాకు మాత్రం ఆనుతుంది. నలుపు తెలుపు తెర మీద ఆవగింజంత తెల్లటి చుక్క. పొద్దున ల్యాబ్ తలుపు తీయగానే మేం చూసేది దాన్నే. అది ఉంటే ఆ రోజు పని సాగుతుంది.

"లేజర్ లాక్ నిలబడే ఉందా?" అని అడిగాను. ఉందన్నాడు. పరమాణువులను ఒకచోట పట్టి ఉంచే అయస్కాంత కాయిల్స్‌లో కరెంటు సరిగ్గానే ఉంది. ప్రెషర్ మామూలే. మూడు రోజులుగా చుక్క పలచబడుతూ వచ్చి, ఆ సాయంత్రం పూర్తిగా పోయింది. "ఏసీ దగ్గరికి ఎవరైనా వచ్చారా?" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. సోమవారం మెకానిక్ వచ్చి సర్వీసు చేసి వెళ్లాడట. తల ఎత్తి చూడమన్నాను. గాలి వదిలే రెక్కలు బల్ల వైపు తిరిగి ఉన్నాయి. చల్లగాలి నేరుగా లేజర్ కాంతిని తెచ్చే నీలం రంగు ఫైబర్ కేబుల్ మీద పడుతోంది. ఆ గాలికి ఫైబర్ చల్లబడి, వేడెక్కి, లోపలి కాంతి ధ్రువణం తిరిగిపోతుంది. దాంతో ఆరు కిరణాలకు అందాల్సిన పాళ్లు తప్పుతాయి. రెక్కలు పైకి తిప్పి, ఒక గంట దేన్నీ ముట్టుకోకుండా కూర్చోమన్నాను. రాత్రి ఒంటిగంటకు ఫొటో పంపాడు. తెర మీద చుక్క ఉంది.

ఈ ఏసీ సంగతి నేను అప్పగించి వచ్చిన నాలుగు నోటుబుక్కుల్లో ఎక్కడా లేదు. నాకు అది తెలియడానికే నాలుగు నెలలు పట్టింది. మా కొలతలు ప్రతి పద్దెనిమిది నిమిషాలకు ఒకసారి పైకీ కిందికీ ఊగుతుంటే, గోడకు ఆనుకుని కూర్చుని ఏసీ కంప్రెసర్ ఆగి మొదలయ్యే చప్పుడు వింటూ గడియారం చూసి పట్టుకున్నాను. ఆ తర్వాత అది నా ఒంటికి పట్టేసింది. రాయాలన్న ధ్యాసే రాలేదు.

అయ్యా, అర్ధరాత్రి ఆ పిల్లవాడికి జవాబు చెప్పాల్సిన మనిషిని నేను కాను. నేనిప్పుడు బెంగళూరులో ఒక కంపెనీలో బ్యాంకుల కోసం సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. జవాబు చెప్పాల్సింది ఆ ల్యాబ్‌లో ఉండాల్సిన పోస్ట్‌డాక్. పోస్ట్‌డాక్ అంటే పీహెచ్‌డీ అయ్యాక కొద్ది కాలానికి చేరే పరిశోధకుడు. ఆ కుర్చీ ఏడాదిగా ఖాళీగా ఉంది. ఆ ఖాళీ కుర్చీ గురించే ఈ లేఖ.

2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం జాతీయ క్వాంటమ్ మిషన్‌కు ఆమోదం తెలిపింది. 2030-31 వరకు 6,003.65 కోట్ల రూపాయలు. అందులో సెన్సింగ్‌కు, అంటే మేం చేసే కొలత పనికి, చోటు ఉంది, ఐఐటీ బొంబాయిలో దానికి కేంద్రం కూడా ఏర్పాటైంది. ఆ వార్త చదివిన రోజు మా ల్యాబ్‌లో మిఠాయి పంచుకున్నాం. నేను ఇప్పుడు అడగబోయేది ఆ సంతోషాన్ని తక్కువ చేయడానికి కాదు. అయితే పేపర్లలో క్వాంటమ్ అంటే కంప్యూటరే. అమరావతికి 156 క్యూబిట్ల ఐబీఎం యంత్రం వస్తుందని 2025లో ప్రకటించినప్పుడు మా ఊరి నుంచి చుట్టాలు ఫోన్ చేసి "మీ పని ఇదేనా అమ్మాయ్?" అని అడిగారు. ఇది వేరే అని చెప్పడానికి నాకు పది నిమిషాలు పట్టేది.

మా పని తూచే పని. చల్లబరిచిన పరమాణువులను చీకట్లో వదిలేస్తాం. అవి రాయి పడ్డట్టే కిందికి పడతాయి. పడుతుండగా ఒక లేజర్ పల్స్ ఇస్తే ఒక్కో పరమాణువు ఒకేసారి రెండు దార్లు పడుతుంది. రెండో పల్స్ ఆ దార్లను మళ్లిస్తుంది, మూడోది కలుపుతుంది. కలిసిన చోట అల మీద అల పడి, భూమి ఎంత బలంగా లాగిందో ఆ తరగల లెక్కలో తేలుతుంది. పల్స్‌కూ పల్స్‌కూ మధ్య సెకనులో పదో వంతు ఎడం ఇస్తే చాలు, జానెడు లోతు పడేలోగా రెండున్నర లక్షల తరగలు లెక్కకు వస్తాయి. ఒక తరగలో వెయ్యో వంతు తేడాను కూడా పట్టుకోవాలన్నది మా పంతం. 1991లో స్టాన్‌ఫోర్డ్‌లో మార్క్ కాసెవిచ్, స్టీవెన్ చూ మొదటిసారి ఈ పద్ధతి చేసి చూపించారు. 1999 నాటికి అదే స్టాన్‌ఫోర్డ్‌లో గురుత్వాన్ని వందకోట్లలో మూడు వంతుల ఖచ్చితత్వంతో కొలిచారు.

దీనితో ఏం ఒరుగుతుందని మా నాయన కూడా అడిగాడు. మాది కదిరి దగ్గర పల్లె. మా చేనులో నాలుగు బోర్లు వేశారు. రెండింట్లో చుక్క నీరు పడలేదు. నాకు గుర్తున్న మొదటి బోరు రోజు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. నీళ్లు చూసే పెద్దాయన అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని చేనంతా తిరిగాడు. కాయ నిక్కబొడుచుకుని లేచిన చోట పాయింటు పెట్టాడు. రాత్రికి బోరు బండి వచ్చింది. నాలుగు వందల అడుగులు, ఐదు వందలు, ఆరు వందలు. బండిలోంచి తెల్లటి రాతి పొడి లేస్తూనే ఉంది. తడి తగల్లేదు. తెల్లవారేసరికి చేను, చెట్లు, గట్టు మీద కూర్చున్న మా నాయన, అన్నీ ఒకే రంగులో ఉన్నాయి.

నేను సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఆయన అడిగాడు: "నీ మిషను మన చేన్లో పెడితే నీళ్లు సూపిస్తాదా?"

"యాడుండాయో చెప్పదు నాయనా. కింద ఎంతుండేది, ఎంత పోయింది, అది చెప్తాది" అన్నాను.

"అదన్నా తెలిసుంటే నాలుగో బోరు ఏసేవాణ్ణి కాదు గదా" అన్నాడు.

ఆయనకు చెప్పిన దాంట్లో అతిశయం లేదు, లెక్క చూడండి. నేల కింద ఒక మీటరు మందాన నీళ్లు పరిచినట్టు చేరితే పైన గురుత్వం 42 మైక్రోగాల్ పెరుగుతుంది. ఒక మైక్రోగాల్ అంటే భూమి లాగే బలంలో దాదాపు వందకోట్లవ వంతు. ఇసుక నేలల్లో నీరు బాగా పడుతుంది కాబట్టి ఆ తేడా తేలిగ్గా తెలుస్తుంది. మాది నల్లరాయి, గ్రానైటు. పగుళ్లలోనూ మెత్తబడ్డ రాతిలోనూ నీరు నిలిచేది నూటికి రెండు పాళ్లో మూడు పాళ్లో. అంటే నీటిమట్టం పది మీటర్లు పడిపోయినా నిజంగా పోయిన నీరు ఇరవై సెంటీమీటర్ల మందమే. గురుత్వంలో అది సుమారు 8 మైక్రోగాల్. కష్టమే, కానీ ఇలా పరమాణువులతో గురుత్వాన్ని తూచే ఇప్పటి పరమాణు గ్రావిమీటర్లకు అందే దూరంలోనే ఉంది. ఆకాశం నుంచి ఈ పని కొంత జరిగింది. గ్రేస్ జంట ఉపగ్రహాలు 2002 నుంచి 2008 దాకా పంజాబ్, హర్యానా, రాజస్థాన్‌లలో 109 ఘన కిలోమీటర్ల భూగర్భ జలం పోయిందని గురుత్వం మార్పును బట్టే పట్టుకున్నాయి. కానీ ఆ ఎత్తు నుంచి రాష్ట్రాలు కనబడతాయి, మండలం కనబడదు. ఒక మండలంలో వానాకాలం ముందొకసారి, తర్వాతొకసారి తిరిగి తూచి రాగల పరికరం నేల మీదే ఉండాలి. హైదరాబాద్ ఉప్పల్‌లో ఎన్‌జీఆర్‌ఐ ఉంది, 1961 నుంచి భూమి లోపలి సంగతులు చూస్తున్న సంస్థ. అలాంటి వాళ్ల చేతికి మన దేశంలో తయారైన పరమాణు గ్రావిమీటర్ ఒకటి అందాలన్నది నా కల. నేను ఈ పనిలోకి వచ్చిందే అందుకు.

ఇతర దేశాల్లో ఇది గది దాటి వచ్చేసింది. 2020లో ఫ్రాన్స్‌లో తయారైన క్వాంటమ్ గ్రావిమీటర్‌ను ఇటలీలో ఎట్నా అగ్నిపర్వతం మీద పెట్టారు. కొండ లోపల కరిగిన రాయి కదలికలను అది బరువు తేడాగా చదివింది. 2022లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒకదాని మీద ఒకటిగా రెండు పరమాణు మేఘాలను ఒకే లేజర్‌తో కొలిచి, రోడ్డు కింద ఉన్న సొరంగాన్ని పైనుంచే పట్టుకున్నారు. నేల అదురు రెండు మేఘాలకూ ఒకేలా తగులుతుంది కాబట్టి తీసివేతలో పోతుంది, సొరంగం ఖాళీ మాత్రం మిగులుతుంది. ఎంత తెలివైన ఏర్పాటో! ఆ ఫలితం వెనక 2014లో మొదలైన సెన్సర్ల హబ్ ఉంది. మధ్యలో ఎనిమిదేళ్లు.

ఇక నా రెండేళ్ల సంగతి చెబుతాను. ఆ సంస్థ పేరు అనవసరం, అక్కడి వాళ్లు మంచివాళ్లు, నన్ను కడుపులో పెట్టుకుని చూశారు. చేరిన రోజు నా చేతికి ఒక ఖాళీ బల్ల అప్పగించారు. విదేశం నుంచి రావాల్సిన లేజర్ తొమ్మిది నెలలకు వచ్చింది. ఈలోగా ఛాంబర్ కట్టాం. ఫ్లాంజ్‌ల మధ్య రాగి గాస్కెట్ పెట్టి బోల్టులు బిగించడం చూడ్డానికి సైకిల్ రిపేరులా ఉంటుంది. ఒక బోల్టు కొంచెం, ఎదురు బోల్టు కొంచెం, మళ్లీ మొదటికి. రాగిలోకి ఉక్కు అంచు దిగుతున్నప్పుడు రెంచి పట్టిన మణికట్టుకు ఒక మెత్తదనం తెలుస్తుంది. అది దాటి పావు మలుపు ఎక్కువ తిప్పితే కారడం మొదలు. తర్వాత ఛాంబర్‌కంతా హీటింగ్ టేపులు చుట్టి, పైన అల్యూమినియం రేకు కప్పి, 150 డిగ్రీల దగ్గర రెండు మూడు వారాలు కాల్చాలి. స్టీలు ఒంట్లో పట్టి ఉన్న తేమ అంతా బయటికి వచ్చేదాకా. పందొమ్మిదో రోజు రాత్రి కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీలు మార్చాలని ఆరు నెలలుగా కాగితాలు తిరుగుతున్నాయి, ఇంకా మార్చలేదు. పంపు ఆగింది. తెల్లారి నేను వెళ్లేసరికి రేకు చల్లగా ఉంది. మూడు వారాల పని మళ్లీ మొదటి నుంచి.

ఇక్కడే మీకు కృతజ్ఞత చెప్పాలి. 2025 జూన్‌లో పరిశోధన పరికరాల కొనుగోలు నిబంధనలు సడలించారు. కొటేషన్లు లేకుండా కొనగలిగే పరిమితి లక్ష నుంచి రెండు లక్షలు అయింది. గ్లోబల్ టెండర్‌కు 200 కోట్ల దాకా అనుమతి సంస్థ డైరెక్టరు చేతిలోనే పెట్టారు. ఒక లెన్సు కోసం రెండు నెలలు ఎదురుచూసిన నాలాంటి వాళ్లకు ఆ ఉత్తర్వు విలువ తెలుసు. వస్తువు త్వరగా రావడానికి దారి వేశారు. ఆ వస్తువును పనిచేయించే మనిషి నిలవడానికి కూడా అలాంటి ఉత్తర్వు ఒకటి కావాలి.

పదిహేనో నెలలో చుక్క కనబడింది. ఇరవయ్యో నెలకు పరమాణువులు పడటం, తరగలు కనబడటం మొదలైంది. అప్పుడే ఐదు నెలలు ఫెలోషిప్ డబ్బు రాలేదు. అది ఇచ్చింది మీ శాఖ కాదు, ఎవరన్నది ఇక్కడ చెప్పను. ఇంటి ఓనరుకు సర్దిచెప్పి, తోటి స్కాలర్ల దగ్గర చేబదులు తీసుకుని నెట్టుకొచ్చాను. పీహెచ్‌డీ పట్టా ఉన్న ముప్పై మూడేళ్ల మనిషి, ఇంటికి డబ్బు పంపాల్సిన వయసులో, నాయనకు ఫోన్ చేసి ఇరవై వేలు అడిగింది. ఆ రోజు ల్యాబ్‌లో పని బాగా జరిగింది కూడా.

నా గడువు ఇంకా పదకొండు రోజులుందనగా పౌర్ణమి వచ్చింది. సముద్రం పొంగినట్టే చంద్రుడి లాగుడుకు నేల కూడా రోజుకు రెండుసార్లు ఇంత పొంగుతుంది. మనం దానితోపాటే లేచి దిగుతాం కాబట్టి మనకు తెలియదు. గురుత్వంలో అది కోటిలో ఒక వంతు మార్పు. గ్రావిమీటర్ కట్టిన వాళ్లంతా మొదట ఆ పొంగు కోసమే చూస్తారు. అది కనబడితే యంత్రం నిజం చెబుతున్నట్టు. ఆ సాయంత్రం లిఫ్టు ఆపించాం. కారిడార్లో నడవొద్దని కాగితం అంటించాం. నేనూ ఆ కుర్రాడూ రాత్రంతా కూర్చున్నాం. తెర మీద చుక్కలు ఒక్కొక్కటే పడుతున్నాయి, చెల్లాచెదురుగా, ఏ తీరూ లేకుండా. మూడు గంటలకు అవి ఒక వంపు తీసుకోవడం కనిపించింది. తెల్లవారి తొమ్మిదికి ఒక గుట్ట, ఒక లోయ, మళ్లీ గుట్ట ఎక్కడం. చంద్రుడి లెక్కతో వేసిన గీతను దాని మీద పరిచాం. సరిపోయింది. ఆ కుర్రాడు కింద నేల మీద అరచేయి ఆనించి కాసేపు అలాగే ఉండిపోయాడు.

పదకొండు రోజుల తర్వాత నేను తాళం చెవి ఇచ్చేసి వచ్చాను. పొడిగించడానికి నిబంధన లేదన్నారు. అది వాళ్ల తప్పు కాదు. నాది ఒక్కదాని కథ అయితే ఈ లేఖ రాసేదాన్ని కాదు. ఇప్పుడు అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ నడుపుతున్న జాతీయ పోస్ట్‌డాక్టరల్ ఫెలోషిప్ గడువూ రెండేళ్లే, వయసూ ముప్పై ఐదు దాటకూడదు. మహిళలకు, రిజర్వేషన్ వర్గాలకు ఐదేళ్ల సడలింపు ఇచ్చారు, అది మంచిది. కాగితం మీద సిద్ధాంతం చేసేవాళ్లకు రెండేళ్లు సరిపోతాయేమో. పోస్ట్‌డాక్ అన్నవాడు ఒకచోట పాతుకుపోకూడదు, నాలుగు చోట్లు తిరగాలి అనే పెద్దలూ ఉన్నారు. వాళ్ల మాటలో సారం ఉంది. కానీ అతిశీతల పరమాణువుల యంత్రం కట్టడానికే ఆ రెండేళ్లూ పోతాయి. కట్టినవాళ్లు కొలత మొదలయ్యే నాటికి వెళ్లిపోతే, కొత్తగా వచ్చినవాళ్లు ఏసీ రెక్కల దగ్గరి నుంచి మళ్లీ నేర్చుకోవాలి. వాళ్లు నేర్చుకునేసరికి వాళ్ల రెండేళ్లూ అవుతాయి.

ఈ రంగం ఎలా పెరిగిందో ఒకసారి చూడండి. 1924లో ఢాకా నుంచి సత్యేంద్రనాథ్ బోస్ ఐన్‌స్టీన్‌కు పంపిన పత్రం గురించి క్వాంటమ్ సభ పెట్టిన ప్రతిచోటా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. బోస్, ఐన్‌స్టీన్ ఊహించిన ఘనీభవనాన్ని ల్యాబ్‌లో చేసి చూపించింది 1995లో. అలా చేసి చూపించిన ముగ్గురికి 2001లో నోబెల్ వచ్చింది. వాళ్లలో ఎరిక్ కార్నెల్ 1990లో అమెరికాలో బౌల్డర్‌లోని జిలా (JILA) అనే పరిశోధన సంస్థకు కార్ల్ వీమన్ దగ్గర పోస్ట్‌డాక్‌గా వచ్చాడు. రెండేళ్లయ్యాక అతన్ని పంపేయలేదు, అక్కడే శాశ్వత ఉద్యోగం ఇచ్చి నిలబెట్టుకున్నారు. మరో మూడేళ్లకు ఆ ల్యాబ్‌లోనే 170 నానోకెల్విన్ల దగ్గర మొదటి ఘనీభవనం వచ్చింది. వుల్ఫ్‌గ్యాంగ్ కెటర్లే కూడా 1990లోనే ఎంఐటీకి డేవిడ్ ప్రిచర్డ్ దగ్గర పోస్ట్‌డాక్‌గా చేరాడు. అంతకు ముందు అతను జర్మనీలో మంటల మీద, దహనం మీద పనిచేసిన మనిషి, ఈ విద్య ముప్పై దాటాక మొదలుపెట్టాడు. 1993లో అతన్ని ఎంఐటీలోనే అధ్యాపకుడిగా తీసుకున్నారు. ప్రిచర్డ్ ఆ ప్రయోగాన్ని అతని చేతిలో పెట్టి తాను పక్కకు తప్పుకున్నాడు. ఆ ఒక్క సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. అప్పటికి కెటర్లేకు ముప్పై ఐదు. మన దగ్గర చాలా ప్రకటనల్లో అర్హత ముగిసే వయసు.

మనకు చేతకాదని ఎవరూ అనలేరు. నావిక్ ఉపగ్రహాల్లో దిగుమతి చేసుకున్న రుబీడియం గడియారాలు ఒకటొకటిగా మొరాయిస్తే, అహ్మదాబాద్‌లో మనవాళ్లు సొంతంగా గడియారం తయారు చేశారు. 2023 మే 29న శ్రీహరికోట నుంచి ఎన్‌వీఎస్-01లో అది పైకి వెళ్లింది. అది పరమాణువులను చల్లబరిచే రకం కాదు, అయినా రుబీడియమే, అదే ఓపిక. పుణె, ముంబై, బెంగళూరు, ఇందోర్‌లలో శీతల పరమాణు ల్యాబ్‌లు ఏళ్లుగా నడుస్తున్నాయి. తిరుపతిలో ఐఐటీ, ఐసర్ కలిసి పరమాణు, కాంతి శాస్త్రాలకు ఒక కేంద్రం పెట్టాయి. ఆ కొండ కింద మన పిల్లలు లేజర్లు లాక్ చేయడం నేర్చుకుంటున్నారంటే నాకు ఎంత సంతోషమో చెప్పలేను. వాల్తేరులో సూరి భగవంతం, కె. రంగధామరావు గార్లు వర్ణపటాల మీద పెట్టిన శ్రద్ధకు ఇది వారసత్వం. నేర్చుకున్నాక వాళ్లు ఎక్కడికి పోవాలి? వాళ్ల సీనియర్లు నాకు తెలుసు. కొందరు జర్మనీలో, కొందరు ఆస్ట్రేలియాలో. కొందరు నా పక్క క్యూబికల్‌లో.

డబ్బు గురించి చిన్న లెక్క. 2023 నుంచి అమల్లో ఉన్న రేట్ల ప్రకారం రీసెర్చ్ అసోసియేట్‌కు మొదటి మెట్టులో నెలకు 58,000, మూడో మెట్టులో 67,000, ఇంటి అద్దె భత్యం అదనం. అంతకంటే ఉదారంగా, అన్నీ కలిపి నెలకు లక్ష చొప్పున, వంద మంది పోస్ట్‌డాక్‌లను ఐదేళ్ల పాటు పెట్టుకుంటే అయ్యే ఖర్చు 60 కోట్లు. మిషన్ మొత్తంలో నూరో వంతు. ఆ వంద మంది సెన్సింగ్‌కే కాకుండా, చేత్తో యంత్రాలు కట్టే అన్ని క్వాంటమ్ ల్యాబ్‌లకూ సరిపోతారు.

ఆ వంద పోస్టులు ఇవ్వమని అడుగుతున్నాను. ఐదేళ్లకు, మధ్యలో ఒక సమీక్షతో. వయసు లెక్క తీసేయండి, పనిలో నేర్పు చూడండి. జీతం సంస్థ సిబ్బందితో పాటే ఒకటో తారీఖున పడాలి, ప్రావిడెంట్ ఫండ్, వైద్యం, ప్రసూతి సెలవు అందరితో సమానంగా ఉండాలి. వెళ్లేవాళ్లకూ వచ్చేవాళ్లకూ మధ్య ఆరు నెలలు ఇద్దరూ ఒకే ల్యాబ్‌లో జీతం తీసుకుంటూ ఉండేలా నిబంధన రాయండి. ఆడిటర్లకు అది ఒకే పనికి రెండు జీతాలుగా కనబడుతుంది, తెలుసు. ఆ ఆరు నెలల్లోనే రెంచి పట్టిన మణికట్టుకు తెలిసేదేదో రెండో చేతికి వెళుతుంది, దానికి వేరే దారి లేదు. ఐదేళ్లు పూర్తయిన వాళ్లలో కొందరికైనా ఆ ల్యాబ్‌లోనే యంత్రం బాధ్యత చూసే సైంటిస్టుగా శాశ్వత కొలువు ఉండాలి. అధ్యాపకులు కావాలని అందరికీ ఉండదు. నాకు లేదు. నాకు ఆ ఛాంబర్ పక్కన ఉండాలని ఉండేది.

ఆ కుర్రాడు నిన్న మళ్లీ ఫోన్ చేశాడు. చుక్క నిలకడగానే ఉందట. పరికరాన్ని చక్రాల బండి మీదికి ఎక్కించి వానలకు ముందు ఒకసారి బయటికి తీసుకువెళ్లాలని అతని ఆశ. ఇద్దరు మనుషులు కావాలి. పోస్ట్‌డాక్ పోస్టుకు మొత్తానికి ప్రకటన పడిందని, చూడమని లింకు పంపాడు. తెరిచి చూశాను. అర్హతలన్నీ నాకు సరిపోయాయి. కింద గడువు దగ్గర పదకొండు నెలలు అని ఉంది.

అయ్యా, అక్కడ ఐదేళ్లు అని రాయించండి. ఆ మర్నాడే దరఖాస్తు పెడతాను.

భవదీయురాలు,
ఒక మాజీ పోస్ట్‌డాక్ పరిశోధకురాలు
బెంగళూరు